కుండలగిరిలో కుడిచెయ్యి

తుందిలుడు మోకాళ్ల దాకా రాయైపోయాడు. అయినా ఆకలి మాత్రం రవ్వంత తగ్గలేదు.

"యువరాజా, కాళ్లు రాయైనప్పుడు అక్కడికి పోవలసిన అన్నం ఎక్కడికి పోతుందంటావు?" అని అడిగి, సమాధానం కోసం ఎదురు చూడకుండా మరో గారె నోట్లో వేసుకున్నాడు.

శరభాంకుడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. అతడు మధుమంతపురం యువరాజు. తుందిలుడు ఆ రాజ్యపు మంత్రిగారి ఒక్కగానొక్క కొడుకు, యువరాజుకి ఉగ్గుపాల నాటి స్నేహితుడు, పేరుకి తగ్గ బొజ్జ కలవాడు. మాంత్రికుడు ఘూకనేత్రుడు శిలాభస్మం విసిరింది యువరాజు మీదికి. పడింది తుందిలుడి మీద. పడడమేమిటి, ఆ బొజ్జ వేసుకుని లేడిలా ఎగిరి అడ్డం వచ్చాడు! ఆ క్షణం నుంచీ పాదాలలో మొదలైన రాయి మెల్లమెల్లగా పైకి పాకుతోంది. ఈ పొద్దు గుంకేలోగా కుండలగిరి గుహలోని జీవధార నీళ్లు పడకపోతే మంత్రిగారికి మిగిలేది కొడుకు కాదు, కొడుకు విగ్రహం. అందుకే శరభాంకుడు స్నేహితుణ్ణి రెండు చక్రాల బండిలో నిలబెట్టి, కొండలూ కోనలూ దాటి, ఇక్కడికి లాక్కొచ్చాడు.

వచ్చాడు కదా, తిన్నగా గుహకి పోనిచ్చారా? లేదు. అతిథి భోజనం చేయకుండా గుమ్మం దాటితే ఇంటికి అరిష్టమని కుండలగిరివాళ్ల పట్టింపు. రాజుగారు యువరాజుని చేతులు పట్టుకుని మరీ పంక్తిలో కూర్చోబెట్టారు.

ఆ భోజనశాల వైభవం చెప్పుకోవలసిందే. చంద్రకాంతపు స్తంభాలు, వాటికి చుట్టిన మాధవీలతలు, పైకప్పు నుంచి జాలువారే ముత్యాల కుచ్చులు, ఆ కుచ్చుల మధ్య ఊయలలూగే పంచవన్నెల చిలకలు. పన్నీటి కాలువలు సన్నగా గలగలమంటూ పంక్తుల మధ్య నుంచి పారుతున్నాయి. బంగారు పళ్లేలలో పులిహోర కొండలు, పాయసం చెరువులు. పళ్లెం పక్కన నెయ్యి కారుతున్న సున్నుండల గోపురం. తుందిలుడి కళ్లు చెమర్చాయి. భస్మం తగిలిన నొప్పికి మాత్రం కాదు.

శరభాంకుడికి ముద్ద దిగడం లేదు. చుట్టూ చూస్తే ఒక వింత కనిపించింది. పంక్తిలో రాజుగారి దగ్గర నుంచి గుర్రాల నౌకరు దాకా అందరూ ఎడమచేత్తోనే తింటున్నారు. దేశానికో వింత ఉంటుంది కాబోలు అనుకుని వదిలేశాడు. స్నేహితుడి మోకాళ్లు తప్ప అతని బుర్రలో అప్పుడు ఇంకోదానికి చోటు లేదు.

వడ్డన చేసే ముసలి పేరయ్య నేతిగిన్నె పట్టుకుని వచ్చి, తుందిలుణ్ణి చూసి గతుక్కుమన్నాడు.

"అయ్యయ్యో, అదేంటి బాబుగారూ! కుడిచేత్తో తినండి."

తుందిలుడు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "కుడిచేత్తోనే కదా తాతా తింటున్నాను!"

"అది కుడిచెయ్యి ఎలాగవుతుంది బాబూ?"

"మరేమవుతుంది? పుట్టినప్పటి నుంచీ నాకు ఇదే కుడిచెయ్యి."

"పాపం, చిన్నప్పుడు చెప్పేవాళ్లు లేరు కాబోలు" అని పేరయ్య జాలిగా గొణుక్కుంటూ రెండు గరిటెల నెయ్యి ఎక్కువే వేసి ముందుకి వెళ్లిపోయాడు.

"ముసలాయనకి చూపు ఆనడం లేదు" అన్నాడు తుందిలుడు గుసగుసగా. "మనకి మంచిదే. నెయ్యి కూడా చూసుకోకుండా వేస్తున్నాడు."

ఎదుటి పంక్తిలో కూర్చున్న రాకుమారి కాదంబిని గబగబా తినడం ముగించి లేచింది. గుహకి వీళ్లను తీసుకువెళ్లవలసింది ఆమే. ఆ వంశంలో పట్టాభిషేకం జరిగినప్పుడల్లా జీవధార నీళ్లు తెచ్చేది ఆ ఇంటి పిల్లలే. ఇదివరకు ఆమె కూడా వెళ్లి వచ్చింది.

"యువరాజా, దారి చాలా తేలిక. గుహలో ఒక్కచోటే చిక్కు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. అప్పుడు మీరు..."

ఫెళఫెళమంటూ పైకప్పు విరిగింది! ముత్యాల కుచ్చులు వడగళ్లలా రాలాయి. ఆ కంతలోంచి ఇనుపముక్కు రాబందు ఒకటి తల దూర్చి కీచుమని అరిచింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఆకాశమంతా రెక్కలే! ఘూకనేత్రుడి పక్షులు!

"బండి ఎక్కించండి!" అని అరిచింది కాదంబిని.

ఎక్కించేదేముంది, తుందిలుడు బండిలోనే నిలబడి భోజనం చేస్తున్నాడు. శరభాంకుడు బండికాడి అందుకుని పరుగు లంకించుకున్నాడు. తుందిలుడు పోతూ పోతూ వంగి ఒక సున్నుండ అందుకున్నాడు. పాయసం చెరువులో ఒక రాబందు మునిగింది. చిలకలన్నీ పేరయ్య నెత్తిమీద వాలాయి. రాజభవనం, తోట, కోట గుమ్మం, అన్నీ గిర్రున వెనక్కి తిరిగిపోయాయి.

కోటకీ గుహకీ మధ్య పాతాళం లాంటి లోయ. దాని మీద తాళ్ల వంతెన. బండి వంతెన మీదికి ఎక్కేసరికి తుందిలుడికి నడుము దాకా రాయి పాకింది. బరువుకి తాళ్లు కిర్రుమన్నాయి.

"నువ్వు కొంచెం తక్కువ తిని ఉండవలసింది!" అన్నాడు శరభాంకుడు రొప్పుతూ.

"రాయి బరువు నాది కాదు, ఘూకనేత్రుడిది! అతగాణ్ణి అడుగు!"

కాదంబిని వంతెన మొదట్లోనే ఆగిపోయింది. ఎడమచేత్తో కత్తి దూసి, వచ్చిన రాబందును వచ్చినట్టే నరుకుతోంది. తను కదిలితే పక్షులు వంతెన తాళ్లు కొరికేస్తాయి. అందుకని అక్కడి నుంచే, కత్తి ఝళిపిస్తూనే, గొంతు చించుకుని అరిచింది.

"దారి చీలినచోట కుడివైపు వెళ్లండి! ఎడమవైపు అడుగు వేశారా, మీ ఎముకలు కూడా దొరకవు!"

శరభాంకుడి గుండె ఝల్లుమంది. ఎందుకంటే మధుమంతపురంలో బయలుదేరేటప్పుడు గురువు పింగళాచార్యులు అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాట ఇది: "నాయనా, పడుచుతనంలో నేను ఆ గుహకి వెళ్లినవాణ్ణే. దారి చీలినచోట ఎడమదారి పట్టు. కుడిదారి పట్టినవాడి ఎముకలు కూడా దొరకవు."

వెనక్కి తిరిగి అడుగుదామంటే రెక్కల హోరులో ఏ మాటా వినిపించదు. శరభాంకుడు బండిని గుహలోకి ఈడ్చుకుపోయాడు.

లోపలి గోడలు పచ్చలూ కెంపులూ పొదిగినట్టు మెరుస్తున్నాయి. ఆ వెలుగులో కొంతదూరం పోయేసరికి దారి రెండుగా చీలింది. కుడిదారి కళకళలాడుతోంది. లోపల దూరంగా దీపం లాంటి కాంతి, గుప్పుమనే మొగలిపూల వాసన, జోలపాట లాంటి సన్నటి రాగం. ఎడమదారి చూస్తే చిమ్మచీకటి, గబ్బిలాల కంపు, ఎక్కడో బురద బుడబుడమంటున్న చప్పుడు.

రెండు దారుల నడుమ ఒక బండరాయి. దాని మీద చిట్టెలుకంత భూతం ఒకటి కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది. మర్యాదగా లేచి దండం పెట్టింది.

"నా పేరు డోలాయముడు బాబూ. ఎటు వెళ్తారు? తొందరేం లేదు. బాగా ఆలోచించుకోండి."

శరభాంకుడు రాకుమారి మాట తలచుకుని బండిని కుడివైపు తిప్పాడు. మరుక్షణం గురువుగారి మాట చెవిలో మోగి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. భూతం పెదవులు చప్పరించింది. చిట్టెలుకంత ఉన్నది పిల్లి అంత అయింది.

ఎడమవైపు తిప్పాడు. రాకుమారి అరుపు గుర్తొచ్చి ఆగాడు. భూతం త్రేన్చి, దూడంత అయింది.

"యువరాజా, కదలకు!" అన్నాడు తుందిలుడు. "నువ్వు మనసు మార్చుకున్నప్పుడల్లా వీడికి భోజనం పెడుతున్నావు. నాకు కడుపు మండిపోతోంది."

నిజమే. డోలాయముడికి అన్నం నీళ్లు అక్కర్లేదు. మనిషి కాలు ఒకవైపు, మనసు ఒకవైపు లాగితే చాలు, అదే వాడికి విందు. ఆ ఊగిసలాటలో ఉన్నవాణ్ణి తను బాగా ఒళ్లు చేశాక చివరకి గుటుక్కుమనిపిస్తాడు.

"మరేం చెయ్యమంటావు?" అన్నాడు శరభాంకుడు. అతని నుదుటి మీద చెమట కారుతోంది. తుందిలుడి ఛాతీ అప్పటికే బూడిదరంగుకి తిరిగింది.

"నా ముక్కు కుడివైపు అంటోంది. నీ కళ్లు కూడా అటే అంటున్నాయి. రాకుమారీ అదే చెప్పింది. ముగ్గురిది ఒక మాట, గురువుగారొక్కరిది ఒక మాట. తగువు తీరిపోయింది, పద!"

"ఆ కాంతీ వాసనా ఘూకనేత్రుడు పెట్టిన ఎరేమో! వాటిని సాక్ష్యానికి పిలవకు."

"పోనీ, రాకుమారి అబద్ధం చెప్పిందంటావా?"

"మన కోసం ఒంటరిగా రాబందుల మధ్య నిలబడిన మనిషి అబద్ధం ఎందుకు చెబుతుంది?"

"అయితే గురువుగారు మరిచిపోయి ఉంటారు. వయసు మీద పడింది కదా!"

"ఆయనా! నీ అన్నప్రాశన నాడు నువ్వు ఎంత తిన్నావో ఇప్పటికీ చెబుతారు."

"అది ఊరంతా చెబుతుందిలే. అంత తిన్నాను."

భూతం ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ గుటకలు వేస్తోంది. ఇప్పుడది ఏనుగంత ఉంది. తల పైకప్పుకి తగులుతోంది. మాట మాత్రం తేనెలా తియ్యగా ఉంది. "మీరు చెప్పుకుంటూ ఉండండి బాబూ. ఇటూ చూడండి, అటూ చూడండి."

తుందిలుడు సున్నుండ పట్టుకున్న చెయ్యి ముందుకి చాచాడు. "యువరాజా, ఇది పట్టుకో. ప్రాణం తిరిగొచ్చాక తిందామని దాచుకున్నాను. ఇక వచ్చేలా లేదు. నువ్వైనా..." అంటూ ఉండగానే భుజం నుంచి జర్రున రాయి పాకి, ఆ చెయ్యి చాచింది చాచినట్టే బిగుసుకుపోయింది. సున్నుండ గుప్పిట్లోనే ఉండిపోయింది. తుందిలుడు బిత్తరపోయి చూశాడు. మొదటిసారి అతని మొహంలో నవ్వు పోయింది.

శరభాంకుడికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకో క్షణమైతే కళ్లు మూసుకుని ఏదో ఒక దారిలోకి దూకేసేవాడే. కానీ దూకలేదు. రెండు దారులకీ వీపు పెట్టి, బండికాడి మీద చతికిలబడి కూర్చున్నాడు.

భూతం కంగారుపడింది. "అదేంటి, కూర్చున్నారు? ఇటు చూడండి! పోనీ, అటు చూడండి!"

"చూడను" అన్నాడు శరభాంకుడు. ఆ మాటతో భూతం పెరగడం ఆగిపోయింది. "తుందిలా, ఇంతసేపూ ఎవరి మాట అబద్ధమా అని వెతుకుతూ కూర్చున్నాం. ఇద్దరూ నిజమే చెప్పి ఉంటే?"

తుందిలుడికి మెడ దాకా వచ్చేసింది రాయి. అయినా పకపకా నవ్వాడు. "బాగుంది! కుడీ నిజమే, ఎడమా నిజమే! అయితే ఆ చూపు ఆనని పేరయ్య కూడా నిజమే చెప్పాడు. కుడిచేత్తో తింటున్నవాణ్ణి పట్టుకుని, కుడిచేత్తో తినమ..."

నోరు రాయైపోయింది.

శరభాంకుడు చివాలున లేచాడు. పేరయ్య! పేరయ్యకి చూపు బాగానే ఉంది! భోజనశాలలో పంక్తి పంక్తంతా ఎడమచేత్తో తినడం అతని కళ్లకి కట్టింది. కాదంబిని ఎడమచేత్తో కత్తి తిప్పడం కనిపించింది. అన్నం కుడిచే చెయ్యి కుడిచెయ్యి. విస్తరికి ఎడంగా పెట్టుకునే చెయ్యి ఎడమచెయ్యి. ఈ కుండలగిరివాళ్లు ఏ కాలంలో ఏ ఎడమచేతివాటం రాజుగారిని చూసి ఆ అలవాటు నేర్చుకున్నారో గానీ, తినే చెయ్యి మారేసరికి కుడివైపు కూడా ఆ చేతితో పాటే అటు వెళ్లిపోయింది! రాకుమారి కుడి అన్నదీ, గురువుగారు ఎడమ అన్నదీ ఒకటే దారి!

"ఇటే!" అని కేకపెట్టి, బండిని ఎడమవైపు చీకట్లోకి ఒక్క ఊపున తోశాడు. ఈసారి అడుగు తడబడలేదు. వెనక భూతం తుస్సుమని గాలిపోయి చిట్టెలుకంతై బండరాయి మీద పడింది. "ఎంత తొందరపడ్డారు బాబూ! ఇంకాసేపు ఆలోచించవలసింది" అని వెక్కిళ్లు పెట్టింది.

అప్పుడే కుడిదారిలో దీపం ఆరిపోయింది. రాగం ఆగింది. ఆ దారి మొత్తం టపుక్కున మూసుకుంది. అది దారి కాదు, కొండంత సర్పం తెరుచుకున్న నోరు. దీపమనుకున్నది దాని గొంతులో పెట్టిన మణి.

ఇటు గబ్బిలాల మూక మొహానికి కొట్టుకుంటోంది. బురద మోకాళ్ల దాకా లాగుతోంది. కంపు చెప్పనలవి కాదు. శరభాంకుడు పళ్లు బిగపట్టి బండి ఈడ్చాడు. బురద దాటాడు, ఇరుకు సందు దాటాడు. ఒక్కసారిగా వెన్నెల కురిసినట్టు తెల్లటి గది. మధ్యలో తామరరేకుల ఆకారంలో స్ఫటికపు దోనె. అందులో జీవధార, దోసెడంటే దోసెడు నీళ్లు.

తుందిలుడి కళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి. అవి రెండూ యువరాజు మీదే నిలిచి ఉన్నాయి. రాయి కనుబొమలకి చేరుతుండగా శరభాంకుడు దోసిలి పట్టి ఆ నీళ్లు నడినెత్తిన పోశాడు.

నీళ్లు జారిన చోటల్లా రాయి కరిగింది. నుదురు, ముక్కు, నోరు. నోరు కరగగానే "న్నాడు!" అన్నాడు తుందిలుడు, ఆపిన చోటి నుంచి మాట పూర్తి చేస్తూ. మెడ, ఛాతీ, బొజ్జ, పక్కన వేలాడుతున్న ఎడమచెయ్యి, కాళ్లు, పాదాలు అన్నీ మెత్తబడ్డాయి. బండి మీద నుంచి గభాలున దిగి, ఒక గంతు వేశాడు. ఇద్దరూ కావలించుకుని వలవలా ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు.

కౌగిలిలో శరభాంకుడి వీపుకి ఏదో గట్టిగా తగిలింది. విడిపించుకుని చూశాడు. ముందుకి చాచి ఉండిపోయిన కుడిచేతి మీదికి నీళ్లు వెళ్లలేదు. మోచేతి నుంచి వేళ్ల దాకా ఇంకా రాయే. దోనెలో చుక్క కూడా లేదు.

శరభాంకుడి మొహం పాలిపోయింది. "తుందిలా... నా వల్ల... నీ కుడిచెయ్యి..."

తుందిలుడు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గుప్పిట్లో చిక్కుకున్న సున్నుండ వంక ఒకసారి దిగులుగా చూశాడు. తర్వాత రెండో చెయ్యి ఎత్తి, ఐదు వేళ్లూ ఆడించాడు.

"ఏడవకు యువరాజా. ఈ దేశంలో నా కుడిచెయ్యి బాగానే ఉంది."

శరభాంకుడు ఆ రెండో చేతిని పట్టుకుని కళ్లకి అద్దుకున్నాడు. అంతకు మించి తీరిక లేదు. బుస్సుమని గుహ అదిరింది. నోట్లోకి రావలసిన వేట తప్పిపోయిందని మండిపడుతూ మహాసర్పం తల ఇటు తిప్పి, వచ్చిన దారికి అడ్డంగా కోరలు చాచి నిలబడింది.

"నన్ను ముందు పోనియ్యి" అన్నాడు తుందిలుడు. "చాలాసేపటి నుంచి కాళ్లు కదపలేదు." పరుగెత్తుకుంటూ పోయి, రాతిపిడికిలి వెనక్కి లాగి ఫాట్‌మని కోర మీద కొట్టాడు. కోర పుటుక్కున విరిగింది. సర్పం "అమ్మో" అన్నట్టు నోరు మూసుకుని చుట్టలు చుట్టుకుంది. వాటి మీద నుంచే ఇద్దరూ దూకుతూ, జారుతూ, గుహ బయట పడ్డారు.

బయట ఎర్రటి ఎండ. వంతెన అవతలి కొసన కాదంబిని ఇంకా పోరాడుతూనే ఉంది. తుందిలుడు తన కాళ్ల మీద తను నిలబడి ఉండడం చూసి, ఆమె ముఖం వికసించింది. అంతలోనే ఆ ముఖం మారిపోయింది. గుహ పైన కొండచరియ నుంచి రాబందులన్నీ కలిసి ఒక పెద్ద బండను దొర్లిస్తున్నాయి.

"ఎడమకి! ఎడమకి దూకండి!" అని అరిచింది.

ఈసారి ఇద్దరిలో ఒక్కరు కూడా తటపటాయించలేదు. ఒక్కసారే, ఒక్క ఊపున, తమ కుడివైపుకి దూకారు. బండ ఢామ్మని పక్కన పడి, గుహముఖం మూసేసి, ముక్కలైంది. వాళ్లు బతికారు. కాకపోతే కుడివైపున నేల లేదు.

గాలిలో గింగిరాలు తిరుగుతూ లోయలోకి పడుతుంటే, కింద నుంచి పైకి లేస్తున్న రాబందుల దొర వీపు మీద ధబ్బున పడ్డారు. ఆ మహాపక్షి అదిరిపడి, రెక్కలు టపటపలాడించి, ఘూకనేత్రుడి కోట ఉన్న ఉత్తరపు కొండల వైపు రివ్వున దూసుకుపోయింది. వంతెనా, కాదంబినీ, కుండలగిరీ చూస్తుండగానే చిన్నవైపోయాయి.

"జారిపోతున్నావు!" అని అరిచాడు శరభాంకుడు ఈకలు పట్టుకుని వేలాడుతూ. "కుడిచేత్తో గట్టిగా పట్టుకో!"

మేఘాల్లోంచి తుందిలుడి గొంతు వినిపించింది.

"ఏ దేశం కుడి, యువరాజా?"